గిర్ని వీణకు కుట్టిన పట్టీలు

గోడ మీద "భద్రతే మా మొదటి లక్ష్యం" అని ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉంటే, ఆ కంపెనీలో మీరు అంత జాగ్రత్తగా ఉండాలి. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీకు నేనిచ్చే సలహా ఇదొక్కటే. మా కంపెనీ గోడ మీద ఆ అక్షరాలు ఒక్కొక్కటి మనిషంత ఎత్తుండేవి. వాటి కిందే కుర్చీ వేసుకుని నేను పదకొండేళ్ళు ఉద్యోగం వెలగబెట్టాను.

అబుదాబి నుంచి ఎడారి రోడ్డు మీద రెండు మూడు గంటలు పడమటికి పోతే సముద్రం ఒడ్డున రువైస్ వస్తుంది. పేరుకి ఊరు. ఉన్నదల్లా రిఫైనరీ, పైపులు, ఇంజనీర్లకి కంపెనీ ఇళ్ళు, కూలీలకి క్యాంపులు. మాది రిఫైనరీ కాదు, అక్కడి మరమ్మతు పనులకి మనుషుల్ని తోలే ఒక కాంట్రాక్టు కంపెనీ. అలాంటివి అక్కడ బోలెడు, కాబట్టి ఏది అని తల బద్దలు కొట్టుకోకండి. 2005 ప్రాంతం మాట. కాకినాడలో మా వీధి వాళ్ళందరికీ మాత్రం నేను దుబాయ్‌లో ఉన్నట్టే లెక్క. రువైస్ అంటే ఎవడికి తెలుసు?

నా పని సేఫ్టీ స్టోరు. హెల్మెట్లు, చేతి తొడుగులు, కళ్ళద్దాలు, అన్నిటికన్నా ముఖ్యంగా బెల్టులు. ప్యాంటుకి పెట్టుకునేవి కావు. భుజాల మీదుగా, తొడల చుట్టూ, నడుముకీ వెడల్పాటి పట్టీలు బిగించుకుని, వీపు వెనక కొక్కేన్ని పైన ఇనుప కడ్డీకి తగిలించుకునేవి. ఎత్తు మీద పనిచేసేవాడు కాలు జారితే వాడికీ నేలకీ మధ్య ఉండేది ఆ పట్టీ ఒక్కటే. పొద్దున్నే కౌంటర్ దగ్గర సంతకం పెట్టించుకుని ఇవ్వడం, సాయంత్రం వెనక్కి తీసుకోవడం, మూడు నెలలకోసారి ఒక్కొక్కదాన్నీ వంచి, గుంజి, కుట్లు చూసి, బాగున్నవాటికి ఆ మూడు నెలల రంగు టేపు చుట్టడం నా బాధ్యత. టేపుందంటే కూలీకి అది నా మాట. బాగుందని నేను మాటిచ్చినట్టు.

ఆ ఏడాది వేసవి దాటాక చూస్తే చాలా బెల్టులు పాడైపోయి ఉన్నాయి. ఎండకి రంగు వెలిసి, ఉప్పు గాలికి బిరుసెక్కి, వంచితే అప్పడంలా పటపటమంటున్నాయి. వాటిని పక్కన పడేసి, కొత్తవి కావాలని కాగితం రాసి మా మేనేజరు దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆయన గురించి చెప్పాలి. క్యాంపులో అందరూ ముదీర్ అనేవాళ్ళు, అరబ్బీలో మేనేజరనే అర్థం, నేనూ అదే అంటాను. మన దేశం వాడే, మన భాష వాడు కాదు. పొద్దున ఎనిమిదికే సెంటు వాసనతో వచ్చేవాడు. పదేళ్ళలో ఒక్కసారి కూడా నిచ్చెన ఎక్కగా చూడలేదు. భద్రత మీద ఉపన్యాసం మాత్రం గుక్క తిప్పుకోకుండా ఇచ్చేవాడు. గాగుల్స్ లేకుండా కూలీ కనిపిస్తే నిలబెట్టి తిట్టేవాడు, అదీ పక్కన ఎవరైనా పైవాళ్ళు ఉన్నప్పుడే.

నా కాగితం చూసి నవ్వాడు. "అరే భాయ్, నెత్తి మీద షట్‌డౌన్ పెట్టుకుని ఇప్పుడా బెల్టులు? ఈ ఒక్క షట్‌డౌన్ గడిచిపోనీ." ప్లాంటు ఆపేసి నెలరోజుల పాటు లోపలంతా మరమ్మతు చేయడాన్ని షట్‌డౌన్ అంటారు. ఎత్తు మీద పని అంతా అప్పుడే ఉంటుంది. అంటే బెల్టులు అసలు అవసరమయ్యే నెల అదే.

"ఇవి పనికి రావు సార్," అన్నాను.

"ఎవరన్నారు? నువ్వు ప్రయోగశాలవా? టేపు చుట్టు. తర్వాత చూద్దాం."

నేనేం చేశానంటారా? చుట్టాను. ఆకుపచ్చ టేపు. ఆ రోజు మధ్యాహ్నం భోజనం కూడా లేటయింది, అంత శ్రద్ధగా చుట్టాను. ఆర్డరు ఇచ్చింది ఆయన, చుట్టింది నేను, కాబట్టి తప్పు ఆయనదని మనసులో ఒక చిన్న తీర్పు రాసుకుని పడుకున్నాను. ముదీర్‌ని మాత్రమే వెక్కిరించి తప్పించుకుంటానని మీరనుకోకూడదు, అందుకే ఇది ముందే చెబుతున్నాను.

ఆ షట్‌డౌన్‌కే ఫ్రాన్స్ నుంచి ఒకాయన వచ్చాడు. పెద్ద కంప్రెసర్ల నిపుణుడు. అరవై దగ్గర పడిన మనిషి, తెల్ల మీసం, ఎవర్నీ లెక్కచేయని ముఖం. ఇంజనీర్ల మధ్య ఆయన్ని ముసలాయన అనేవాళ్ళం. ఒంటరిగా కంపెనీ ఇంట్లో ఉండేవాడు. సామాన్లలో బట్టల పెట్టె కన్నా పెద్దది ఇంకో పెట్టె తెచ్చుకున్నాడు.

అందులో ఒక వాయిద్యం. ఫిడేలు ఒళ్ళు చేసినట్టుంటుంది. విల్లు లేదు. దాని బదులు లోపల ఒక చెక్క చక్రం, చివర దాన్ని తిప్పే పిడి. కుడిచేత్తో పిడి తిప్పితే చక్రం తీగల్ని రాస్తూ తిరుగుతుంది. ఎడమచేత్తో పక్కనున్న మీటలు నొక్కితే స్వరాలు మారతాయి. కొన్ని తీగలు మాత్రం ఏం నొక్కినా మారకుండా ఒకటే శ్రుతిలో మోగుతూ ఉంటాయి. తన భాషలో పేరు చెప్పాడు కానీ నా నాలుక తిరగలేదు. ఇంగ్లీషులో హర్డీ-గర్డీ అంటారట. శుక్రవారం సెలవుపూట తన వరండాలో కుర్చీ వేసుకుని వాయించేవాడు. దగ్గర్లోని క్యాంపు బస్సు స్టాపులో నిలబడ్డ మావాళ్ళకి వినపడేది.

"సార్, గిర్ని ఆడుతున్నట్టే గుర్రుమంటాంది గదా," అన్నాడు మా మేస్త్రీ ఒకసారి. "నడుమ పాట సుత వస్తాంది. గిర్ని వీణ."

వాళ్ళ వైపు గిర్ని అంటే పిండిమర. ఆ పేరే క్యాంపంతా నిలిచిపోయింది. ఈ మేస్త్రీది జగిత్యాల వైపు పల్లె. పైకెక్కి ఇనుప గొట్టాలతో మంచెలు కట్టే ముఠాకి పెద్ద. నా వయసువాడే. నన్ను మీరూ సారూ అనేవాడు, నేను నువ్వు అనేవాణ్ణి. అప్పట్లో అందులో నాకేం వింతగా తోచలేదు.

షట్‌డౌన్ మధ్యలో ముదీర్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఆయనకి వచ్చే ఆలోచనలన్నీ వేదిక, మైకు, పూలగుచ్ఛం వీటి చుట్టే తిరిగేవి. ప్రమాదం లేకుండా పని సాగుతోందని క్యాంపు భోజనశాలలో సేఫ్టీ డే జరపాలట. పైనుంచి ఒక పెద్దమనిషి ముఖ్య అతిథి. ఆయన లోపలికి వస్తుంటే ముసలాయన ముందు నడుస్తూ ఆ గిర్ని వీణ వాయించాలి. ఆ తర్వాత వేదిక మీద ఇంకో పాట.

ముసలాయన చెప్పాడట, ఇది ఒళ్ళో పెట్టుకుని కూర్చుని వాయించేదని. ముదీర్ ఒప్పుకోలేదు. పెద్దమనిషి నిలబడి ఉండగా వాయించేవాడు కుర్చీలో కూర్చోవడం ఏం మర్యాద అన్నాడట. తర్వాత నన్ను పిలిచాడు.

"నీ దగ్గర పట్టీలుంటాయి కదా. ముసలాయన నిలబడి వాయించేలా ఏదో ఒకటి కుట్టివ్వు."

"కొత్త పట్టీ తెప్పించాలి సార్, స్టోర్లో లేదు."

"ఆ బెల్టుల్లోంచి ఒకటి కొయ్యి. మనుషుల్ని మోసేది ఒక చెక్కపెట్టెని మోయదా?"

ఆ మాట మీద ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన నవ్వడం సరే. నేనెందుకు నవ్వానో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆకుపచ్చ టేపున్న బెల్టు ఒకటి తీసి పట్టీలు కోశాను. స్టోర్లో టార్పాలిన్లు కుట్టే మిషనుండేది. మధ్యాహ్నం భోజనాల వేళ ముసలాయన తన పెట్టెతో వచ్చాడు. మొదటిరోజు ఒకే పట్టీ కుట్టి మెడలో వేశాను, గిటారుకి వేసినట్టు. నిలబడి పిడి తిప్పాడు. చక్రం తిరిగే బదులు వాయిద్యం మొత్తం తిరిగింది. గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగి, చివరికి ఆయన పొట్టకి అడ్డంగా పడుకుంది. కౌంటర్ దగ్గర గుమిగూడిన వాళ్ళంతా ఘొల్లుమన్నారు. ఆయనా నవ్వాడు.

తర్వాత నాకు వివరంగా చెప్పాడు. ఆయన ఇంగ్లీషు, నా ఇంగ్లీషు రెండూ అంతంత మాత్రమే, అందుకే బాగా అర్థమైంది. కూర్చున్నప్పుడు తొడలు, నడుముకి కట్టిన చిన్న పట్టీ కలిసి దాన్ని కదలకుండా పడతాయి. నిలబడితే తొడల్లేవు. పిడి తిప్పే ప్రతిసారీ చెయ్యి దాన్ని ముందుకి తోస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. మీటలకి స్ప్రింగులుండవు. వేలు తీయగానే తమ బరువుకి తామే వెనక్కి పడాలి. అంటే వాయిద్యం ముందుకి కాస్త ఒరిగి ఉండాలి. వెల్లకిలా అయిందంటే నొక్కిన మీట నొక్కినట్టే ఉండిపోతుంది, పాట కాస్తా రభస అవుతుంది.

రెండోరోజు రెండు పట్టీలు కుట్టాను. ఒకటి భుజానికి, ఒకటి నడుముకి. ఊగడం తగ్గింది కానీ బరువంతా మెడ మీద పడి, పది నిమిషాలకే ఆయన ముఖం ఎర్రబడింది. అప్పుడు మేస్త్రీ కౌంటర్ దాటి లోపలికి వచ్చాడు.

"సార్, జర తప్పుకోండ్రి. మెడకెందుకు బరువు? మా బెల్టు ఎట్లుంటది? ఈపుల అడ్డంగ దాటుతది. గట్లనే పెట్టుండ్రి."

అంతటితో ఆగలేదు. ముసలాయన్ని రెండు భుజాలూ పట్టి తిప్పి, పట్టీని వీపు మీద ఏటవాలుగా లాగి, నడుము పట్టీని కిందికి, తుంటి ఎముక మీదికి దించి బిగించాడు. దర్జీ కొలతలు తీసుకుంటున్నట్టు ఆ ఫ్రెంచి నిపుణుడు చేతులు పైకెత్తి బుద్ధిగా నిలబడ్డాడు. తిప్పమన్నట్టు మేస్త్రీ గాలిలో చెయ్యి తిప్పి చూపించాడు.

ముసలాయన తిప్పాడు. వాయిద్యం కదల్లేదు. మీటలు టకటకా వెనక్కి పడుతున్నాయి. ఒక అడుగు వేశాడు, ఇంకోటి వేశాడు. హెల్మెట్ల అరల మధ్య నుంచి, బూట్ల గుట్ట చుట్టూ నడుస్తూ వాయించాడు. ఎప్పుడూ కూర్చునే వాయించానని, తమ ఊళ్ళో నాట్యం ఆడించేవాళ్ళు నిలబడి వాయిస్తుంటే చిన్నప్పటి నుంచి కుళ్ళుకునేవాణ్ణని చెప్పాడు. అరవై ఏళ్ళ మనిషి ముఖం అలా వెలగడం నేను అంతకుముందు చూడలేదు. మేస్త్రీ ముఠావాళ్ళు చప్పట్లతో తాళం వేశారు. ఆ స్టోర్లో పదకొండేళ్ళలో అంత మంచి మధ్యాహ్నం ఇంకోటి లేదు.

ఆయన వెళ్ళిపోయాక మేస్త్రీ మిగిలిన పట్టీ ముక్కని వేళ్ళతో నలిపి చూశాడు.

"సార్, ఇది మా బెల్టుదే గదా?"

"అదే."

"గట్టిగనే ఉంటదంటరా?"

"టేపు చుట్టాను కదా మేస్త్రీ," అన్నాను.

ముక్కని కౌంటర్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున మామూలుగానే వచ్చి, ఆకుపచ్చ టేపున్న బెల్టుకి సంతకం పెట్టి, వేసుకుని పైకెక్కాడు. ఎక్కడం నేను కిటికీలోంచి చూశాను. చూసి, టీ తాగడానికి వెళ్ళాను.

సేఫ్టీ డే శుక్రవారం పొద్దున పది గంటలకి. భోజనశాల బల్లలు తీసేసి కుర్చీలు వేశారు. ముందు వరసలకి తెల్ల గుడ్డలు కప్పిన కుర్చీలు, వెనక కూలీలకి ఏమీ కప్పనివి. కొత్త హెల్మెట్లు పంచారు, ఫొటో అయ్యాక వెనక్కి తీసుకోమని నాకు ఆర్డరు. పెద్దమనిషి వచ్చాడు. ముసలాయన తెల్ల చొక్కా మీద నా పట్టీలు బిగించుకుని ముందు నడిచాడు. బాగా వాయించాడు. కూలీలు లేచి నిలబడి చూశారు, మర్యాద కోసం కాదు, నిజంగానే చూడాలని.

తర్వాత ముదీర్ ఉపన్యాసం. ప్రతి కార్మికుడూ తన కుటుంబం లాంటివాడట. చిన్న పరికరం దగ్గర కూడా రాజీ పడడట. నేను వేదిక పక్కనే హెల్మెట్లు లెక్కపెట్టుకుంటూ విన్నాను.

రెండో పాటకి ముసలాయన వేదిక మధ్యకి వచ్చాడు. ఇది నాట్యం పాట, వేగం ఎక్కువ. మణికట్టుతో పిడిని కుదిపి కుదిపి తిప్పుతుంటే తాళానికి తగ్గట్టు ఒక తీగ బరబరమంటోంది. వెనక వరసల్లో కాళ్ళు ఆడడం మొదలైంది. అప్పుడు భుజం మీద పట్టీ తెగింది.

పెద్ద చప్పుడేం కాలేదు. గుడ్డ చింపినట్టు చిన్న శబ్దం, అంతే. వాయిద్యం ఒక్కసారిగా ముందుకి వాలి, నడుము పట్టీకి వేలాడుతూ తలకిందులై, తల భాగం వేదిక చెక్కకి కొట్టుకుంది. బిరడాలు విరిగాయి. చక్రం మీది మూత ఎగిరి పెద్దమనిషి కాళ్ళ దగ్గర పడింది.

ముదీర్ వేదిక మీదికి ఉరికాడు. ముసలాయన దగ్గరికి అనుకుంటున్నారా? పెద్దమనిషి బూటు దగ్గర నుంచి ఆ మూత తీసి, వంగి వంగి క్షమాపణ చెప్పాడు.

ముసలాయన నేల మీద కూర్చుండిపోయాడు. వాయిద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని, ముందు దాన్ని కాదు, తెగిన పట్టీని చూశాడు. చివరని రెండు వేళ్ళతో నలిపాడు. పొడి రాలింది. నావైపు చూసి అడిగాడు.

"ఇది ఎక్కడిది?"

ముదీర్ నాకేసి చూసి, అసలు సంగతి చెప్పొద్దన్నట్టు కనురెప్ప వాల్చాడు.

"పాత పట్టీ. పారేసింది," అన్నాను. "నిలువునా సగానికి కోశాను, అందుకే తెగిపోయింది. తప్పు నాదే."

చూశారా, తప్పు నాదే అని కూడా అన్నాను. అబద్ధంలో కూడా అంత వినయం. వెనక వరసలో మేస్త్రీ లేచి నిలబడి ఉన్నాడు. ఇంగ్లీషు ఆయనకి రాదు, కానీ నేను అబద్ధం ఆడానని అర్థం చేసుకోవడానికి ఇంగ్లీషెందుకు? తన కొత్త హెల్మెట్ తీసి కుర్చీలో పెట్టి బయటికి నడిచాడు. ఆయన ముఠా కూడా వెంటే నడిచింది. ఫొటో ఇంకా తీయలేదు.

మధ్యాహ్నం మూడింటికి ముసలాయన ఇంటికి వెళ్ళాను. వాయిద్యాన్ని బల్ల మీద తువ్వాలు పరిచి పడుకోబెట్టాడు. పగిలిన ముక్కల్ని వరసగా పేరుస్తున్నాడు. చక్రం బీటలిచ్చిందట. దాన్ని చేసినాయన చనిపోయాడట. క్షమించమన్నాను. పట్టీ ముక్క నా ముందుకి తోశాడు.

"నేను రోజంతా లోహం ఎందుకు విరిగిందో చూసేవాణ్ణి. ఇది నువ్వు కోసిన చోట తెగలేదు. అడ్డంగా తెగింది. ఇది ఎప్పుడో చచ్చిపోయిన పట్టీ. పారేసిందయితే దీని మీద ఆకుపచ్చ టేపు ఎందుకుంది?"

కోసినప్పుడు ఒక ముక్కకి టేపు అలాగే ఉండిపోయిందని నేను గమనించనే లేదు.

అప్పుడు చెప్పాను. ఎండాకాలం నుంచి మొదలుపెట్టి మొత్తం. చెబుతున్నంతసేపూ ఆయన పని ఆపలేదు. అంతా విని ఒకటే అడిగాడు.

"నీకు తెలిసే ఇచ్చావా వాళ్ళకి?"

"తెలుసు."

"మరి ఈ కథ నాకెందుకు చెబుతున్నావు? నేను పైకెక్కను."

బయటికి పొమ్మని వేరే చెప్పలేదు. ఆయన మీద నాకు కోపం వచ్చింది. నిజం చెప్పినందుకు భుజం తట్టకపోతాడా అనుకుని వెళ్ళాను మరి. గుమాస్తా బుద్ధి.

శనివారం తెల్లారకముందే స్టోరు తెరిచాను. వెనక గదిలో బరువులెత్తే గొలుసు కప్పీ ఉండేది. ఇసుక బస్తాలు కట్టి, ఒక బెల్టుకి తగిలించి పైకి లేపి, మూరెడు కిందికి వదిలాను. వీపు దగ్గర కుట్టు విడిపోయి బస్తాలు కింద పడ్డాయి. రెండోదానికి తొడ పట్టీ తెగింది. మూడోది ఆగింది. నాలుగోది మళ్ళీ తెగింది. ఇక చూడలేదు. గది నిండా ఇసుక, మధ్యలో నేను. ఆ బెల్టులతో అప్పటికి రెండు వారాలకు పైగా మనుషులు పైనున్నారు. ఎవరూ జారలేదు. ఎందుకు జారలేదంటే వాళ్ళు పనివాళ్ళు కాబట్టి. నా వల్లా కాదు, గోడ మీద అక్షరాల వల్లా కాదు.

ఆరింటికి కౌంటర్ ముందు వరస కట్టారు. మేస్త్రీ మొదట. సంతకాల పుస్తకం తీయలేదు నేను.

"బెల్టులు ఇవ్వను. ఎవరూ పైకెక్కొద్దు. ఇవి బాగాలేవని నాకు ముందే తెలుసు. తెలిసే టేపు చుట్టాను," అన్నాను. తెలుగులో చెప్పి, తర్వాత హిందీలో చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా కష్టమైంది.

ఎవరో బూతు తిట్టారు. మేస్త్రీ తిట్టలేదు. "ఎన్నడు తెల్సింది?" అన్నాడు.

"ఎండాకాలం అయిపోగానే."

తల ఊపి పక్కకి జరిగి, మెట్ల మీద కూర్చున్నాడు. మిగతావాళ్ళంతా అలాగే కూర్చున్నారు. అరగంటలో ముదీర్ కారు వచ్చింది.

దిగుతూనే "యల్లా, యల్లా" అని చప్పట్లు కొట్టాడు, కోళ్ళని తోలినట్టు. ఎవరూ లేవలేదు. లోపలికి వచ్చి నా చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. "పిచ్చా నీకు? పని ఆగితే ఎవరు జవాబు చెబుతారు? పరీక్ష చేశాను, బాగున్నాయని చెప్పు. ఇప్పుడే చెప్పు."

"చేశాను సార్. తెగాయి. వెనక గదిలో ఉన్నాయి, చూడండి."

చూడడానికి వెళ్ళలేదు. బయటికి వచ్చి, టేపున్న బెల్టు ఒకటి చేతిలో పట్టుకుని ఉపన్యాసం మొదలుపెట్టాడు. వేడుకలో జరిగింది చిన్న పొరపాటట. అది సగానికి కోసిన పట్టీ అట. ఈ బెల్టులు నిబంధనల ప్రకారం బాగున్నాయట. చూడండి, టేపు.

మేస్త్రీ లేచాడు. దుమ్ము దులుపుకుని దగ్గరికి వచ్చి హిందీలో, చాలా మర్యాదగా అన్నాడు. "బాగుంటే మంచిదే సాబ్. మీరు వేసుకోండి. ఎక్కువ వద్దు, మా మంచె మొదటి అంతస్తు వరకు ఎక్కి ఒక్కసారి వేలాడండి. మీ వెనకే మేమందరం ఎక్కుతాం. ఖలాస్."

ముదీర్ చేతిలో బెల్టుని చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పదేళ్ళుగా దాని గురించి ఉపన్యాసాలిచ్చిన మనిషికి అందులో చెయ్యి ఎటునుంచి దూర్చాలో తెలియడం లేదు. వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన గడియారం చూసుకుని, మీటింగుందని కారెక్కాడు. బెల్టు నా కౌంటర్ మీద పెట్టి వెళ్ళాడు, చాలా జాగ్రత్తగా, పామునేదో దించినట్టు.

ముసలాయన కూడా ఆ పొద్దున ఊరుకోలేదని తర్వాత తెలిసింది. ఆ పట్టీ ముక్కని కవర్లో పెట్టి, ప్లాంటు పెద్దల మీటింగులో బల్ల మీద పెట్టాడట. ఏమన్నాడో నాకు తెలియదు. వారాల తరబడి దొరకని కొత్త బెల్టులు మర్నాడు మధ్యాహ్నానికి అబుదాబి నుంచి లారీలో దిగాయి. ఎడారి రోడ్డు ఒక్కరోజులో అంత పొట్టిదైపోయింది.

తర్వాత ఎవరికేమైందో చెప్పేస్తాను, మీకు న్యాయం జరిగిందన్న భ్రమ ఉండకూడదు. ముదీర్‌కి ఏమీ కాలేదు. లోపాన్ని ముందుగా గుర్తించి పరికరాలన్నీ మార్పించినందుకు మెచ్చుకుంటూ ఆయనకి ఉత్తరం వచ్చింది, ఏడాది తిరక్కుండా అబుదాబి ఆఫీసులో పెద్ద కుర్చీకి వెళ్ళాడు. నన్ను మాత్రం షట్‌డౌన్ అయిపోగానే సిమెంటు గోడౌనుకి మార్చారు. అందులో అన్యాయమేం లేదు. నేను చేసినదానికి అంతకన్నా పెద్దది పడాల్సింది. ముసలాయన విరిగిన వాయిద్యంతో వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు మేస్త్రీని పిలిపించి, వీపు మీదుగా పట్టీ ఎలా దాటించాలో కాగితం మీద బొమ్మ గీయించుకున్నాడు. బాగయ్యాక ఊళ్ళో నిలబడే వాయిస్తానన్నాడు. నాతో కూడా చెయ్యి కలిపాడు. గట్టిగా ఏం కాదు.

నాకు బాగా గుర్తుండిపోయింది కొత్త బెల్టులు దిగిన మధ్యాహ్నం. పెట్టెలు విప్పి, ఒక్కొక్కటీ చూసి, కొత్త టేపు తీశాను. మేస్త్రీ, ఆయన ముఠా కౌంటర్ అవతల నిలబడి చూస్తున్నారు.

"ఆగుండ్రి సార్," అన్నాడు మేస్త్రీ. "ముందుగాల మీరు ఏస్కోండ్రి."

"నేనా?"

"ముదీర్ రాలే. మీరన్న రావాలె గదా."

పదకొండేళ్ళలో కొన్ని వేల బెల్టులు చేతులు మార్చాను. ఒక్కటీ ఒంటి మీద వేసుకోలేదు. మేస్త్రీయే భుజాలకి ఎక్కించి, తొడ పట్టీలు బిగించాడు. వెనక గదిలోకి నడిపించి, వీపు కొక్కేనికి గొలుసు తగిలించాడు. ఇద్దరు గొలుసు లాగడం మొదలుపెట్టారు. మడమలు లేచాయి, తర్వాత వేళ్ళు. తర్వాత కింద ఏమీ లేదు.

నేల నుంచి మహా అయితే నాలుగడుగులు. అయినా చేతులు దేన్నో ఒకదాన్ని పట్టుకోవాలని గాలిలో వెతుకుతున్నాయి. పట్టీలు గజ్జల్లో కోసుకుంటున్నాయి. వీపు వెనక ఏం పట్టుకుని ఉందో నాకు కనపడదు. ఎవరో కుట్టారు, ఎవరో చూశారు, ఎవరో బాగుందన్నారు, అంతే నాకు తెలిసింది. నెమ్మదిగా గోడ వైపు తిరిగిపోతున్నాను, ఆపుకోవడం కూడా నా చేతిలో లేదు. గొలుసు పట్టుకున్నవాళ్ళు నవ్వలేదు. నవ్వితే బాగుండేదనిపించింది.

మేస్త్రీ నా ముందుకి వచ్చి, తల ఎత్తి చూశాడు.

"భయమైతాందా సార్?"

"అవుతోందండీ," అన్నాను.

"గట్లనే ఉంటది," అని, దించమని చెయ్యి ఊపాడు.